‘ప’ అక్షరంతో ఒక్క నిమిషం

సాధనకు ఇంకా ఏడుగురు ముసలివాళ్లు కావాలి.

2011 సెప్టెంబరు నెలాఖరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. ఆర్టీసీ బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బళ్లు మూతపడ్డాయి. బొగ్గు రాక పూటకు మూడు గంటలు కరెంటు పోతోంది. ఎల్బీ నగర్‌లో ఒక మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉన్న చిన్న మతిమరుపు క్లినిక్‌లో సాధన పనిచేస్తుంది. సైకాలజీలో ఎమ్మే పూర్తి చేసి ఏడాదిన్నర క్రితం చేరింది.

ఆమె చేసే పని చెప్పడానికి సులువే. పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్క నిమిషంలో తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పమంటుంది. తర్వాత ఒక అక్షరం ఇచ్చి, దానితో మొదలయ్యే మాటలు చెప్పమంటుంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు పనికిరావు. చెప్పిందే మళ్లీ చెబితే లెక్కలోకి రాదు. మతి జారుతున్నవాళ్లకు మాటలు తెలియవని కాదు, తెలిసిన మాటను వెతికి నోటిదాకా తెచ్చుకోలేరు. ఆ తడబాటు మిగతా లక్షణాల కన్నా ముందే ఈ నిమిషంలో బయటపడుతుంది. అయితే ఎన్ని చెబితే తక్కువో తెలియాలంటే, ఏ జబ్బూ లేనివాళ్లు ఎన్ని చెబుతారో ముందు తెలియాలి. అందుకే క్లినిక్ నడిపే డాక్టర్ రామమోహనరావు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా అరవై దాటిన నూట ఇరవై మంది ఆరోగ్యవంతులకు ఈ పరీక్ష పెట్టి ఒక సగటు తేల్చాలనుకున్నాడు. నూట పదమూడు మంది అయ్యారు. అంతలో సమ్మె వచ్చింది.

"గా నాగోల్ దాంక నడిచిపోయి ఎవల్నో అడిగే బదులు మీ నాయిన్నే అడుగరాదు?" అంది తల్లి కిష్టమ్మ, ఆ ఉదయం పుంటికూర తెంపుతూ. "అరవై ఎనిమిదేండ్లు ఒచ్చినయ్. ఏ రోగం లేదు. ఇంట్లనే ఉన్నడు."

సాధన నవ్వింది. ఇంతకాలం తనకా ఆలోచన రాకపోవడం విచిత్రంగా అనిపించింది.

కొత్తపేట రైతు బజారు వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్లది. తండ్రి కొమరయ్య పాతికేళ్లు నల్లగొండ తోటల నుంచి కొత్తపేట పండ్ల మార్కెట్‌కు బత్తాయి లారీ నడిపాడు. చర్చి సంఘంలో పెద్ద. ఆయన ప్రార్థన చేస్తే పది నిమిషాలకు తక్కువ ఉండేది కాదు. జబ్బుపడ్డవాళ్లను, ప్రయాణాల్లో ఉన్నవాళ్లను, ఊళ్లో చెరువు నిండిందో లేదోనన్న సంగతిని కూడా పేరుపేరునా దేవుడికి అప్పగించేవాడు. ఈ మధ్య రోజూ పొద్దున్నే కొత్తపేట చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చుంటున్నాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో తాను లాఠీ దెబ్బ తిన్న సంగతి అక్కడి కుర్రాళ్లకు చెబుతున్నాడు.

పరీక్షకు ముందు ఇంట్లోవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఒంటరిగా బయటికి వెళ్లి రాగలరా, పొయ్యి మీద పెట్టింది మరిచిపోతారా, ఇలాంటివి. అన్నిటికీ కిష్టమ్మ "మంచిగనే ఉన్నడు" అంది. మాటల కోసం తడుముకుంటారా అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆమె చేయి కూర మీద ఒక్క క్షణం ఆగింది.

"ప్రార్థన జర పొట్టిగ చేస్తుండు. అలసిపోతుండు గావచ్చు," అంది.

సాధన 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

కొమరయ్య శిబిరం నుంచి వచ్చి, మొహం కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. కరెంటు లేదు. సాధన స్టాప్‌వాచి పట్టుకుంది.

"జంతువులా? గదెంత పని," అన్నాడాయన. "ఎద్దు, ఆవు, బర్రె, గొర్రె, మేక. కుక్క."

పది సెకన్లు కాలేదు. సాధన గబగబా రాసుకుంది. ఆయన ఆగాడు.

"బర్రె," అన్నాడు కాసేపటికి.

ఇరవై సెకన్లు. ముప్పై. ఆయన కుడి చేయి మోకాలి మీద, గేరు కోసం తడుముతున్నట్టు అటూ ఇటూ కదిలింది. "గది... చెట్ల మీద ఉంటది. నార్కట్‌పల్లి కాడ లారీ ఆపితె టాపు మీదికెక్కి బత్తాయిలు ఎత్కపోతుండె. తోకుంటది. పండ్లు ఇగిలిస్తది."

పరీక్ష పెట్టేవాళ్లు మాట అందించకూడదు. సాధన పెదవులు బిగించుకుంది.

"గదే బిడ్డా. నీకు తెల్వదా?" ఆయన గొంతులో విసుగు వచ్చింది. "నీ చిన్నప్పుడు నిన్ను జూసి ఉరికొస్తె ఏడిస్తివి."

నిమిషం అయిపోయింది. ఆరు.

"ఇప్పుడు 'ప' అక్షరం, నాయినా. పలకలో ప. దాంతోటి ఏ మాటలొస్తే అవి చెప్పు."

"పైలం," అన్నాడు వెంటనే. "పరేషాన్. పొద్దు." ఆలోచించాడు. వాకిట్లోని కూర కట్ట వైపు చూశాడు. "పుంటికూర. పట్నం." మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. "పొద్దు. పేతురు. పౌలు."

"మనుషుల పేర్లు ఒద్దు నాయినా."

"గాళ్లు మనుషులు గాదు, అపొస్తలులు," అన్నాడు కొమరయ్య, అక్కడితో ఆ నిమిషం కూడా అయిపోయింది. ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకుని, పాసయ్యానా అని నవ్వుతూ అడిగాడు. పాసయ్యావంది సాధన.

మధ్యాహ్నం కాగితం ముందేసుకుని మార్కులు వేసింది. పేతురు, పౌలు కొట్టేసింది. రెండోసారి వచ్చిన పొద్దును కొట్టేసింది. అలవాటు కొద్దీ ఎర్రపెన్ను పైలం మీద, పరేషాన్ మీద, పుంటికూర మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. మూడో గీత పెట్టాక ఆమె చేయి ఆగింది. పరీక్ష పద్ధతి వివరించే కాగితంలో ఒక నియమం ఉంది: మాండలిక రూపాలు, అన్యభాషా పదాలు లెక్కించరాదు. ఎప్పుడో ఎవరో తయారుచేసిన కాగితం. ఆమె నూట పదమూడు మంది మాటల్ని దాని ప్రకారమే దిద్దింది. ఇప్పుడు నాన్నకు మిగిలినవి రెండు మాటలు, పొద్దు, పట్నం.

సగటు తొమ్మిది.

క్లినిక్‌కు వచ్చే రోగుల్లో ఇలా ఆగిపోయేవాళ్లను ఆమె నలభై మందినైనా చూసింది. మొదట నాలుగైదు మాటలు గబగబా రావడం, తర్వాత ఖాళీ, పేరు రాక చుట్టూ తిరిగి కథ చెప్పడం, చెప్పిందే చెప్పడం. ఆమెకు బాగా తెలుసు. తెలిసినా, ఆ ఎర్ర గీతల వైపే చూస్తూ కూర్చుంది. జంతువులు ఆరే చెప్పాడంటే ఉక్కపోత, శిబిరంలో ఎండ. 'ప' దగ్గర తప్పు ఆయనది కాదు, కాగితానిది. అలా అనుకున్నాక ఆమెకు ఊపిరి ఆడింది. పేరు రాసే చోట 'కె.' అని మాత్రం రాసి, నూట పద్నాలుగు అని నంబరు వేసింది.

మర్నాడు ఎల్బీ నగర్ దాకా నడిచి వెళ్లింది. విజయవాడ రోడ్డు మీద అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఉద్యోగులు, టీచర్లు, ఆటోవాళ్లు వరుసగా కూర్చుని విస్తళ్లలో అన్నం తింటున్నారు. ఒకామె సాధనను కూడా కూర్చోమంది. సాధన నిలబడే రెండు ముద్దలు తిని, చేయి కడుక్కుని మెట్లెక్కింది.

రామమోహనరావు ఒక్కడే ఉన్నాడు. తెనాలి మనిషి, వనస్థలిపురంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాడు. రోగులు రాకపోయినా రోజూ వచ్చి క్లినిక్ తలుపు తీసి కూర్చుంటాడు.

"సార్, పైలం అంటే తెలుగు మాట కాదా?"

ఆయన కళ్లద్దాలు తీశాడు. "తెలుగే. జాగ్రత్త అని. కాదని ఎవరన్నారు?"

"మన కాగితం అంటున్నది సార్. పుంటికూర అంటే సున్న, గోంగూర అంటే మార్కు. 'గ'తో అడిగితే మీ ఊరాయనకు ఒక మార్కు ఒస్తది. 'ప'తో అడిగితే మా నాయి... మా ఊరాయనకు రాదు. పరేషాన్ అన్నది మా అమ్మ రోజుకు ఇరవైసార్లు అంటది. ఆమెకు అది ఉర్దూ అని గూడ తెల్వదు."

రోడ్డు మీంచి నినాదాలు వినిపిస్తున్నాయి. ఆయన కాగితం తీసుకుని ఆ నియమాన్ని ఇంతకుముందెన్నడూ చదవనట్టు చదివాడు.

"ఇన్నాళ్లూ ఈ మాటలు కొట్టేసింది నువ్వే కదమ్మా," అన్నాడు. నిష్ఠూరంగా కాదు.

"నాకు తట్టలేదు సార్."

"నాకూ తట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఈ మాటల మధ్యే ఉన్నాను." పాత కాగితాల కట్ట ముందుకు లాక్కున్నాడు. "అందరూ చెప్పినవి చెప్పినట్టు రాసుకున్నాం కదా. మళ్లీ దిద్దుదాం. మొదటి కాగితం నుంచి."

పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ సాధనకు పండగలాగే గడిచాయి. పాత కాగితాలు తీసి, ఎర్ర గీతల కింద ఉన్న మాటల్ని ఒక్కొక్కటిగా పైకి చదివేది. పొక్క, పెండ, పాయిరం, పరదా, పలారం. తనకు తెలియనివి రాసుకుని ఇంటికి తెచ్చి తల్లిని అడిగేది. కిష్టమ్మ పొయ్యి దగ్గర్నుంచే అర్థం చెప్పి, ఆ మాట ఏ పనిలో వాడతారో కూడా చెప్పేది. చంపాపేటలో ఒక ముసలి చాకలి పన్నెండు మాటలు చెబితే ఎనిమిది కొట్టేసి ఉన్నాయి. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని చాయ్ తాగింది సాధన, అక్కడే ఆయన మాటల్ని కొట్టేసింది. ఇప్పుడు ఆ ఎనిమిదీ తిరిగి వేస్తుంటే ఏదో బాకీ తీరుతున్నట్టు ఉండేది. వీటన్నిటి చివర తన తండ్రి కాగితం ఉందని, అది కూడా ఇలాగే బాగుపడుతుందని ఆమె నమ్మింది. ఆ కాగితాన్ని మాత్రం చివరి దాకా ముట్టుకోలేదు.

అక్టోబరు మధ్యలో లెక్క తేలింది. 'ప' అక్షరానికి సగటు తొమ్మిది నుంచి పద్నాలుగుకు పెరిగింది. రామమోహనరావు సంతోషంతో లేచి నిలబడ్డాడు. "ఎంత తప్పు చేసేవాళ్లం చూడు. ఎంతమంది మంచివాళ్లకు జబ్బు అంటగట్టేవాళ్లమో."

సాధన నూట పద్నాలుగో కాగితం తీసింది. పైలం, పరేషాన్, పుంటికూర లెక్కలోకి వచ్చాయి. రెండు కాస్తా అయిదు అయింది.

అయిదు. ఆమె వేళ్లు మడిచి మళ్లీ చూసుకుంది. మునుపు ఆయన సగటుకు ఏడు మాటల వెనక ఉన్నాడు. ఇప్పుడు తొమ్మిది మాటల వెనక ఉన్నాడు. తప్పు దిద్దినకొద్దీ అందరూ ముందుకు వెళ్లారు. ఆయన మాత్రం ఇంకా వెనకబడ్డాడు.

రామమోహనరావు వంగి చూశాడు. "ఈ కాగితం మన జాబితాలో ఉండకూడదమ్మా. జంతువులూ ఆరే. ఈయన ఆరోగ్యవంతుడు కాడు. ఎవరీయన?"

"మా నాయిన సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాన్ తిరగడం లేదు, రోడ్డు మీద ఆ రోజు అలికిడి కూడా లేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే తెలిసింది సార్. కాగితం తప్పనుకున్న."

"కాగితం తప్పే. అయినా..." అని ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. కొమరయ్యను పరీక్షలకు తీసుకురమ్మన్నాడు.

ఇంట్లో చెప్పింది. అన్న స్టీవెన్ కొరియర్ కంపెనీలో పనిచేస్తాడు, రోజూ జెండా పట్టుకుని ఊరేగింపులకు పోతున్నాడు. కోపంగా చూశాడు. "నువ్వు సదివిన సదువుకు ఇంట్లోల్లందరు రోగులలెక్కనే కనబడ్తరు. మొన్న శిబిరంల అందరి ముంగట మాట్లాడిండు నాయిన."

"ఏం మాట్లాడిండు అన్నా?"

స్టీవెన్ చేతిలోని జెండాను గోడకు ఆనించాడు. "అరవై తొమ్మిది ముచ్చట చెప్పిండు," అన్నాడు చివరికి. "రెండుసార్లు చెప్పిండు."

కిష్టమ్మ అన్నం వడ్డించి, అందరూ తిన్నాక, ఒకే ఒక్క మాట అడిగింది.

"గా పరీక్షల ఏమడుగుతరు బిడ్డా?"

సాధన చెప్పింది. అలా చెప్పకూడదని తెలిసీ చెప్పింది.

మర్నాడు పొద్దున స్నానాల గది దగ్గర నీళ్ల చప్పుడు మధ్య తల్లి గొంతు వినిపించింది. "ఎద్దు, ఆవు, బర్రె, దున్నపోతు. అను." తండ్రి అన్నాడు. "గొర్రె, మేక, కుక్క, పిల్లి. అను." రోజూ అంతే. చాయ్ తాగేటప్పుడు ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి. సంఘంలో పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించినట్టు నాలుగేసి మాటలు కలిపి, వేలితో తొడ మీద దరువు వేస్తూ నేర్పింది. ముందుగా నేర్పితే పరీక్ష పాడవుతుందని సాధన చెప్పి ఉండాల్సింది. రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పదహారు జంతువులనూ ఆయన ఆగకుండా అప్పజెప్పిన రోజు, కిష్టమ్మ మొహంలో వెలుగు చూశాక ఇక ఆ ఊసే ఎత్తలేదు.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. తెలంగాణ రాలేదు. శిబిరం టెంటు విప్పేశారు. కొమరయ్య ఇంకో వారం రోజులు అలవాటు ప్రకారం పొద్దున్నే చౌరస్తాకు వెళ్లి, ఖాళీ జాగాలో నిలబడి వచ్చాడు. ఒకరోజు రావడం ఆలస్యమైంది. స్టీవెన్ వెతుక్కుంటూ పోతే పండ్ల మార్కెట్ గేటు దగ్గర, ఎవరిదో లారీ డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. లారీవాడు మంచివాడు, ఏమీ అనకుండా కింద నిలబడి బీడీ కాలుస్తున్నాడు. ఆ సాయంత్రం స్టీవెనే చెల్లెలి దగ్గరికి వచ్చి, ఎప్పుడు తోల్కపోదాం అని అడిగాడు.

నవంబరులో తీసుకెళ్లారు. తల ఫొటోలు తీయించారు. నరాల డాక్టరు చూశాడు. ఆఖరున రామమోహనరావు స్వయంగా పరీక్ష పెట్టాడు. సాధన గోడ పక్కన నిలబడింది. కిష్టమ్మ భర్త పక్కనే కుర్చీలో, పర్సు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"జంతువుల పేర్లు చెప్పండి కొమరయ్య గారూ."

కొమరయ్య నిటారుగా కూర్చున్నాడు. "ఎద్దు, ఆవు, బర్రె, దున్నపోతు. గొర్రె, మేక, కుక్క, పిల్లి. కోతి, కుందేలు, నక్క, తోడేలు. పులి, ఏనుగు, గుర్రం, గాడిద." పదిహేను సెకన్లలో ముగించి, భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

రామమోహనరావు ఒకసారి సాధన వైపు చూశాడు. సాధన కళ్లు దించుకుంది.

"బాగా చెప్పారండి," అన్నాడాయన. కాగితం పక్కకు పెట్టాడు. "మీరు పండ్ల లారీ నడిపారట కదా. మార్కెట్‌కు ఎన్ని రకాలు వచ్చేవో చెప్పండి. పండ్ల పేర్లు."

కొమరయ్య తల ఆడించాడు. "ఎద్దు, ఆవు, బర్రె, దున్నపోతు," అన్నాడు. "గొర్రె, మేక..."

"పండ్లండీ."

"ఆఁ. ఎద్దు, ఆవు, బర్రె..."

కిష్టమ్మ ముందుకు వంగింది. "బత్తాయి అను," అంది గుసగుసగా. "బత్తాయి, మామిడి, జామ. అను." డాక్టరు ఆమెను ఆపలేదు.

కొమరయ్య భార్యను చూశాడు. ఆయన కళ్లలో భయం కనిపించింది. "గది నువ్వు చెప్పలే గద," అన్నాడు.

కిష్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మెట్లు దిగేటప్పుడు స్టీవెన్ తండ్రి చేయి పట్టుకుని ముందు నడిచాడు. కిష్టమ్మ మధ్యలో గోడకు ఆనుకుని ఆగింది.

"నేను నేర్పింది తప్పైందా బిడ్డా?"

"లేదమ్మా."

"ఇంకో పది దినాలుంటె పండ్లు గూడ నేర్పుదును," అంది. కొంగు సర్దుకుని మళ్లీ మెట్లు దిగింది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. మందులు వాడారు. జబ్బు నయం కాదని, నిదానంగా పెరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఆ ప్రకారమే పెరిగింది. క్రిస్మసు ముందు ఆదివారం సంఘంలో కొమరయ్యను ప్రార్థన చేయమన్నారు. ఆయన లేచి "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి ఆగాడు. జనం కళ్లు మూసుకుని ఎదురుచూశారు. ఎవరికో దగ్గు వచ్చింది. చాలాసేపటికి పాస్టరు గారే ఆమేన్ అన్నారు. ఆ తర్వాత ఆయన్ను అడగడం మానేశారు. కిష్టమ్మ చర్చిలో ముందు వరస వదిలి, తలుపు పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

జాబితాలోంచి నూట పద్నాలుగో కాగితం తీసేశారు. సమ్మె అయ్యాక సాధన ఇంకో ఏడుగురిని వెతికి నూట ఇరవై పూర్తి చేసింది. కొత్త లెక్క ఒక వైద్య పత్రికలో అచ్చయింది, ఆమె పేరు కూడా వేశారు. మిగతా చోట్ల కూడా కొందరు డాక్టర్లు దాన్ని వాడడం మొదలుపెట్టారు. కర్మన్‌ఘాట్ నుంచి అండాలమ్మ అనే డెబ్బై ఏళ్ల ఆమెను కొడుకు తీసుకొచ్చాడు. వేరే చోట పరీక్ష పెట్టి, మతి పోతోందని చెప్పారట. సాధన మళ్లీ పెట్టింది. ఆమె పదిహేను మాటలు చెప్పింది, అందులో తొమ్మిది పాత కాగితం ప్రకారమైతే సున్నాలే. అండాలమ్మకు ఏ జబ్బూ లేదు, చెవులు సరిగా వినిపించవంతే. కొడుకు సాధనకు దండం పెట్టాడు. సాధన ఆ రోజు మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీసి, తినకుండానే మళ్లీ పెట్టేసింది.

ఇంట్లో ఆరు నెలలకోసారి తండ్రికి తనే పరీక్ష పెట్టేది. క్లినిక్ దాకా తీసుకెళ్లడం కష్టమైంది. జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో తెలియాలి కదా అనుకునేది. 2012 ఎండాకాలంలో జంతువులు నాలుగు. చలికాలంలో మూడు. మరుసటి ఏడు ఒకటి. స్టాప్‌వాచి మీద మిగిలిన సెకన్లన్నీ ఆమె, ఆయన ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఆయన ఆమె పెన్ను వైపు చూసేవాడు. ఆ చూపు ఆమె క్లినిక్‌లో ఎంతోమందిలో చూసిందే, అందుకే ఇంట్లో అది కొత్తగా అనిపించలేదు. అదే ఆమె తప్పు.

2013 చివర ఒక సాయంత్రం, ఆమె కూరగాయల చీటీ రాసుకుందామని పెన్ను తీసి ఆయన మంచం పక్కన కూర్చుంది. కొమరయ్య గబుక్కున లేచి, చొక్కా సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"మేడం," అన్నాడు. "ఇయ్యాల ఒద్దు మేడం. రేపు చెప్త."

"నాయినా, నేను సాధనను."

"రేపు పక్కా చెప్త. మా ఇంటామెను అడిగి చెప్త."

సాధన పెన్ను కిటికీలోంచి సందులోకి విసిరేసింది. దాంతో ఆయన ఇంకా బెదిరిపోయాడు. కిష్టమ్మ వచ్చి వీపు నిమిరితే గాని చేతులు మోకాళ్ల మీంచి తీయలేదు.

ఆ రోజు నుంచి ఆమె పరీక్ష మానేసింది. అయినా ఆయన భయం తగ్గలేదు. భార్య గొంతు ఆయనకు తెలిసేది. స్టీవెన్ పేరు గుర్తులేకపోయినా వాడి చేతి ముద్ద తినేవాడు. సాధన కనిపిస్తే మాత్రం వెన్ను నిటారయ్యేది, నోట్లో ముద్ద అలాగే ఉండిపోయేది. బట్టలు మార్చుకుని వచ్చినా, జుట్టు విప్పుకుని వచ్చినా, ఊరికే చాపమీద కూర్చున్నా అంతే. కూతుర్ని మరిచిపోయాడు. ప్రశ్నలు అడిగే మనిషిని మాత్రం మరిచిపోలేదు. ఇది ఎందుకిలా జరుగుతుందని ఆమె రామమోహనరావును అడిగింది. పేర్లు పోయినా భయం చాలాకాలం నిలుస్తుందని ఆయన చెప్పాడు. తర్వాత, ఆమె మొహం చూసి, తను ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది అన్నాడు.

తెలంగాణ వచ్చిన జూన్ రెండున కొత్తపేట అంతా ఊరేగింపులే. స్టీవెన్ మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాడు. తండ్రి నోట్లో లడ్డూ ముక్క పెట్టి, వచ్చింది నాయినా, తెలంగాణ ఒచ్చింది అన్నాడు. కొమరయ్య నమిలాడు. తీపి నచ్చి ఇంకో ముక్క కోసం నోరు తెరిచాడు. బయట పటాకులు పేలితే ఉలిక్కిపడ్డాడు. కిష్టమ్మ లేచి కిటికీ మూసింది. సాధన వంటింట్లో నిలబడి, గోడ అవతల నుంచి వాళ్ల మాటలు వింది. ఆయన ఆ రోజు మూడు ముక్కలు తిన్నాడని తల్లి వచ్చి చెప్పింది.

ఆయన ఇంకో ఏడాదికి పైగా బతికాడు. ఆ ఏడాదంతా సాధన క్లినిక్ నుంచి వచ్చి, వెనక సందు తలుపులోంచి వంటింట్లోకి వెళ్లేది. ఆదివారం మధ్యాహ్నాలు, చర్చి నుంచి వచ్చాక, తండ్రి నిద్రపోయేవాడు. అప్పుడు మాత్రం వెళ్లి మంచం పక్కన కింద కూర్చునేది. గోళ్లు పెరిగి ఉంటే మెల్లగా కత్తిరించేది. దుప్పటి సర్దేది. ఆయన కదిలితే, కళ్లు తెరవక ముందే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.